తెల్లబట్టలు, తడిజుట్టు

మల్కాజ్‌గిరి,
12-4-1994

జకర్యా,

నువ్వు చాడీలు చెప్పేవాడివి. యాభై ఏడేళ్ళొచ్చినా ఆ బుద్ధి పోలేదు. ముందు ఈ మాట పడనీ. వందనాలు మిగిలితే చివర్లో చెబుతాను.

నిన్న సాయంత్రం మా పాస్టరు పేతురుగారు ఇద్దరు సంఘపెద్దల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. నేను కరివేపాకు దూసుకుంటున్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే ప్రార్థన ఎత్తుకున్నారు. "దారి తప్పిన ఈ సహోదరిని తిరిగి మందలోకి నడిపించు తండ్రీ" అని ఆయన గొంతు పెంచుతుంటే, ఎవరో పాపం అని నేనూ జాలిపడ్డాను. ఆమేన్ కూడా అన్నాను. కళ్ళు తెరిచేసరికి ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

"నిన్ను నీళ్ళలో ముంచింది ఎవరమ్మా?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు, రాజమండ్రి నుంచి మీ తమ్ముడుగారు కన్నీళ్ళతో ఉత్తరం రాశారని.

నీ కాలేజీ అమ్మిరాజు ఏదో పనిమీద ఇక్కడికొచ్చి, పొద్దున్నే తిరుమలగిరి బస్‌స్టాపులో నన్ను చూశాడట. తెల్లబట్టలు, తడిజుట్టు, చేతిలో సంచి, పక్కన ఇద్దరు ఆడవాళ్ళు, అందరూ నవ్వుకుంటూ. ఆయన చూసింది చూసినట్టు చెప్పాడు. మిగతాది నువ్వు కల్పించావు. పసితనంలో బాప్తిస్మానికి తలమీద చిలకరించిన నీళ్ళు చాలవని, పెద్దయ్యాక తెల్లబట్టలతో నిండా మునిగి సంఘం మారేవాళ్ళ లెక్కలో నన్నూ వేశావు. నన్నొక్క మాట అడిగావా? కార్డు ముక్క రాశావా? నా గురించి నాకంటే ముందు పాస్టరుగారికి చెప్పావు.

ఫలితం విను. విచారణ తేలేదాకా నేను క్వయరులో పాడకూడదట. పెళ్ళై ఈ ఊరొచ్చిన ఏడాది నుంచి నిలబడుతున్న చోటు అది.

నేను పొద్దున్నే ఎక్కడికెళ్తున్నానో నీకు చెప్పను. నన్ను అడగనివాడికి జవాబు చెప్పే అలవాటు నాకు లేదు.

వందనాలు మిగల్లేదు.

కాంతమణి

—

రాజమండ్రి,
20-4-1994

ప్రియమైన అక్కయ్యకు,

నీ కోపం చేరింది. ప్రేమమణి చదివి, "వదిన చేతిరాత ఇంకా గట్టిగానే ఉంది, సంతోషం" అంది. నాకు నవ్వు రాలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను, నీ ఉత్తరం వచ్చాక ఒక కట్ట రెండుసార్లు దిద్దాను.

అక్కయ్యా, నువ్వు కాదనలేదు. అదే నా గుండెలో గుచ్చుకుంది. ఊరంతా అబద్ధం చెప్పినా నువ్వు ఒక్కమాట "కాదు" అంటే నమ్మేవాణ్ణి. "చెప్పను" అన్నావు. అంటే ఏమనుకోవాలి?

నేను ఛాందసుణ్ణి కాదని నీకు తెలుసు. మొన్న మార్చిలో మహిళా సభలో నేను మాట్లాడింది పేపర్లో కూడా వేశారు, నీకు కత్తిరించి పంపాను. ఎవరి విశ్వాసం వాళ్ళది అనే నేనూ అంటాను. కానీ ఒంటరి విధవరాళ్ళను చూసి, ఇదిగో ఇక్కడ ఆత్మ ఉంది, ఇక్కడ స్వస్థత ఉంది అని లాగే మూకలు ఎక్కువయ్యాయి. ఇల్లు రాయించుకుంటారు. ఉపవాసాలని కూడు మాన్పిస్తారు. బావగారు నోవహుగారు ఉన్నన్నాళ్ళూ నాకీ భయం లేదు.

ఇంకొక మాట. నీకోసం బావగారి పక్కనే సంఘం శ్మశానంలో స్థలం ఉంది. సభ్యత్వం పోతే ఆ స్థలం పోతుంది. ఆయన ఒక్కడే అక్కడ పడుకుంటాడు. ఇది ఆలోచించావా?

ఎవరు ముంచారో, ఏ సభో రాయి. నేను వచ్చి మాట్లాడతాను. మందులు మానకు.

నీ తమ్ముడు,
జకర్యా

—

మల్కాజ్‌గిరి,
27-4-1994

జకర్యా,

నా సమాధి గురించి ఇంత చక్కగా ఆలోచించావు, సంతోషం. బతికున్న ఈ కాసిని రోజులు ఏం చేసుకోవాలో కూడా ఎవరైనా ఆలోచిస్తే బాగుండేది. ఎవరూ ఆలోచించలేదు కాబట్టి నేనే చూసుకున్నాను.

నేను ఈత నేర్చుకుంటున్నాను.

మళ్ళీ చదువుకో. ఈత. తిరుమలగిరిలో ఒక కొలను ఉంది. పొద్దున ఆరింటి నుంచి ఏడింటిదాకా ఆడవాళ్ళకు. రంగు దిగే బట్టలతో నీళ్ళలోకి రానివ్వరు, అందుకని తెల్లటి నూలు పంజాబీ డ్రెస్సు. ఇదీ నీ మతమార్పిడి.

మా శ్యామలమ్మ నేర్పుతుంది. సైనిక్‌పురిలో ఉంటుంది. మిలటరీలో పనిచేసిన మనిషి భార్య, ఆయన పోయి చాలా కాలమైంది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, నామీద అధికారం మాత్రం మా హెడ్మిస్ట్రెస్‌లా చేస్తుంది. మొదటిరోజు నేను గట్టు కడ్డీ పట్టుకుని వదలకపోతే, "ఏందమ్మా గిట్ల బిగుసుకుంటవ్? ఆ కడ్డీ నీ మొగుడా? జెర ఇడువ్. నీళ్ళు నిన్ను మింగయ్, నేనున్న" అంది. నేను వదిలాను. మునిగాను. ముక్కులోకి నీళ్ళెక్కి దగ్గుతుంటే పక్కనున్న విమలమ్మ నవ్వు ఆపుకోలేక తనూ మునిగింది. ఆమె మోకాళ్ళ నొప్పులతో వచ్చింది, ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు కడ్డీ కూడా పట్టుకోదు.

ఇప్పుడు నేను వెల్లకిలా తేలుతాను. చెవులు నీళ్ళలో ఉంటే లోకం ఒక్క మాట మాట్లాడదు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఇన్నేళ్ళూ చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ కలిపాను కదా, ఆ నిశ్శబ్దం నాకు ఎంత రుచిగా ఉంటుందో నీకు చెప్పినా తెలియదు. కొలను మధ్యలో ఒకచోట నేల దిగిపోతుంది. అక్కడినుంచి కాళ్ళకు ఏమీ అందదు. నేను ఆ గీత దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాను. అటు ఏముందో నాకు చూడాలని ఉంది. నాకు అరవై ఒకటి. ఇంకో పదేళ్ళ తరవాత చూస్తానని ఎవరికి చెప్పను?

ధవళేశ్వరం కాలవ నీకు గుర్తుందో లేదో. నాన్న నీ నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి నీళ్ళలోకి దించేవాడు. నేను రేవు మెట్లమీద నీ చొక్కా, లాగూ పట్టుకుని కూర్చునేదాన్ని. నన్నూ దించమంటే "ఆడపిల్లవి, చాల్లే" అన్నాడు. అప్పుడు ఆడపిల్లనని, ఇప్పుడు ముసలిదాన్నని. మధ్యలో మీకు నచ్చిన వయసు ఒక్కటి కూడా రాలేదా నాకు?

ఇప్పుడు నీతో పని పడింది. కొలను వాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. అరవై దాటిన ఆడవాళ్ళు ఇంటి మగవాళ్ళ సంతకం తేవాలి. మగవాళ్ళకు ఈ నిబంధన లేదు, డెబ్బై ఏళ్ళాయన ఒకడు దర్జాగా దూకుతాడు. నాకు పిల్లల్లేరు, ఉన్న మగ దిక్కు నువ్వు. ఆ నిబంధన మీద యుద్ధం తరవాత చేస్తాను, ముందు ఈ వేసవి పోకూడదు. మేనేజరు పేరు, అడ్రసు కింద రాశాను. "నా అక్కకు నా సమ్మతి ఉంది" అని రాసి సంతకం పెట్టి నాకు పంపు. నీ సమ్మతి నాకెందుకో దేవుడికే తెలియాలి.

ప్రేమమణికి ముద్దులు. మోండా మార్కెట్లో ఆవకాయ కాయలు ఇంకా పుల్లగా లేవు, తొందరపడొద్దని చెప్పు.

అక్క

—

రాజమండ్రి,
6-5-1994

అక్కయ్యకు,

మొదట ఊపిరి పీల్చుకున్నాను. తరవాత తల పట్టుకున్నాను.

నిజం చెప్పనా, నువ్వు ఏదో సభలో చేరావంటేనే నయంగా ఉండేది. నలుగురికీ చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది, ప్రార్థన చేయమని అడిగేవాళ్ళం. ఈతకొలనులో మా అక్క తడిబట్టలతో తేలుతోంది అని ఎవరికి చెప్పను? పేతురుగారికి ఇప్పుడేమని రాయను? అమ్మిరాజుకు అసలు సంగతి తెలిస్తే స్టాఫ్‌రూములో నేను తల ఎత్తగలనా? మా ప్రిన్సిపాలుగారి తల్లికి నీ వయసే. ఆవిడ కుర్చీలోంచి లేవదు, మనవలు చుట్టూ చేరి దణ్ణాలు పెడతారు. ఎంత నిండుగా ఉంటుందో.

కోరికలు అందరికీ ఉంటాయి అక్కయ్యా. నాకూ ఒకప్పుడు వయొలిన్ నేర్చుకోవాలని ఉండేది. వయసుతోపాటు కొన్ని వదులుకుంటాం. అందులో ఒక అందం ఉంది.

ఇవన్నీ పక్కన పెట్టు. ఆ గీత దాటి కాళ్ళకు నేల అందని చోట నీకేమన్నా అయితే? ఆ సంతకం కింద పేరు నాది. నీ శవాన్ని నా సంతకంతో నేను తీసుకోవాలా? పెట్టను. నువ్వెంత తిట్టినా పెట్టను.

నువ్వు మొండిదానివి, నేను పెట్టకపోతే ఇంకెవరిచేతనో పెట్టిస్తావు. అందుకని నా వైపు నుంచి చేయాల్సింది చేశాను. పేతురుగారికీ రాశాను, జరిగింది పొరపాటని, నిన్ను తగిన గౌరవంతో చూడమని. కొన్నాళ్ళకు నువ్వే నన్ను మెచ్చుకుంటావు.

కాయలు పుల్లగానే దొరికాయి. జాడీ నీకు పంపిస్తాం.

జకర్యా

—

మల్కాజ్‌గిరి,
14-5-1994

జకర్యా,

నువ్వు చేయాల్సింది ఏమిటో నిన్న పొద్దున తెలిసింది.

ఆరింటికి వెళ్తే గేటు దగ్గరే ఆపారు. మేనేజరు పిలిచి నీ ఉత్తరం నా ముందు పెట్టాడు. మీ కాలేజీ పేరున్న కాగితం, చక్కటి ఇంగ్లీషు. "మా అక్కకు చిన్ననాటి నుంచి ఉబ్బసం. ఆ సంగతి దాచి మీ దగ్గరికి వస్తోంది. ఏదైనా జరిగితే మీదే బాధ్యత. చట్టప్రకారం చర్య తీసుకుంటాను." కింద సంతకం. నేను అడిగినప్పుడు రాని సంతకం దీనికింద ఎంత ఒయ్యారంగా వచ్చిందో.

ఉబ్బసం ఎవరికిరా?

రాత్రిళ్ళు పిల్లికూతల్లా ఊపిరి లాగింది నువ్వు. నీ ఛాతీకి వెచ్చటి ఆముదం రాసి, నిన్ను ఆనించుకుని కూర్చుంది నేను. నీళ్ళలో దింపితే పిల్లాడి ఊపిరి తెరుచుకుంటుందని ధవళేశ్వరం డాక్టరు చెప్తేనే కదా నాన్న నీకు సొరకాయ బుర్రలు కట్టింది. నీకు మందయిన నీళ్ళను నాకు విషమని రాశావు. నీ జబ్బు తీసి నాకు తగిలించి నన్ను గట్టు మీద కూర్చోబెట్టావు.

అక్కడితో అయిందనుకోకు. మేనేజరు భయపడ్డాడు. ఒక ముసలిదానికి జబ్బుంటే ఇంకెంతమంది దాచారో అనుకున్నాడు. ఇవాళ గేటుకు బోర్డు పెట్టాడు, యాభై దాటిన ఆడవాళ్ళకు ప్రవేశం లేదని. నేను పోయాను, విమలమ్మ పోయింది. నేర్పే శ్యామలమ్మకు యాభై ఏడు, ఆమె పోయింది. బస్‌స్టాపులో ఆమె నీ సంగతి అడిగింది. "తమ్ముడు ఏం జేస్తడు?" కాలేజీలో పాఠాలు చెబుతాడన్నాను. "మంచిగనే జెప్తుండు. మనకు సుత జెప్పిండు" అంది. విమలమ్మ మాత్రం నవ్వలేదు. "ఇంక నేను ఇంట్లనే ఉంటనమ్మా, తక్లీఫ్ లేదు" అని బస్సెక్కింది. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది.

నీ రెండో ఉత్తరం ఫలితం కూడా విను. పేతురుగారు నవ్వుతూ వచ్చారు. తప్పిపోయిన గొర్రె ఈత కొడుతోందన్నమాట అన్నారు. పెద్దలు కూడా నవ్వారు. పోయినసారి వాళ్ళ ముఖాల్లో నా మీద దిగులైనా ఉంది, ఈసారి అదీ లేదు. క్వయరులో ఇంక అంతసేపు నిలబడే శ్రమ ఎందుకమ్మా, మీ తమ్ముడుగారు కోరినట్టు ముందు వరసలో ఫ్యాను కింద దిండు వేసిన కుర్చీ ఇస్తున్నాం అన్నారు. పోయిన ఆదివారం ఆ కుర్చీలో కూర్చున్నాను. వెనక నా పాట నా చోటులో ఇంకెవరో పాడుతున్నారు. పిల్లలు వచ్చి చేతులు జోడించారు. నీ ప్రిన్సిపాలుగారి తల్లిలా ఎంత నిండుగా ఉన్నానో.

ముసలివాళ్ళకు మీరు రెండే పనులు మిగిల్చారు. దీవించడం, మందులు మింగడం. మూడోది ఏది మొదలుపెట్టినా పిచ్చి, లేదా జబ్బు, లేదా ఎవరో మోసం చేశారు. నాకు నేనుగా ఒకటి తెలుసుకోవాలనిపించింది అంటే మీ బుర్రకెక్కదు. "మీరు" అంటున్నాను, నువ్వొక్కడివే అనుకుని తప్పించుకోకు. వేదికెక్కి స్త్రీ స్వేచ్ఛ అన్నప్పుడు నీ కళ్ళముందు ఉండేది ఇరవై ఏళ్ళ పిల్ల. ఆ పిల్లకు అరవై వస్తాయని నీ వ్యాసాల్లో ఎక్కడా లేదు. వెతికాను.

వయొలిన్ వదులుకోవడంలో అందం ఉందన్నావు. లేదు. నువ్వు వదులుకున్నావు, నేను వదులుకోకపోతే నీకు కడుపుమంట. అంతే.

జాడీ పంపొద్దు.

కాంతమణి

—

రాజమండ్రి,
22-5-1994

అక్కయ్యా,

ఇంత కటువుగా నాతో ఎవరూ మాట్లాడలేదు. ప్రేమమణికి ఆ ఉత్తరం చూపించలేదు. అడిగితే బాగుందని చెప్పాను.

ఉబ్బసం మాట గురించి. అలాంటి ఉత్తరాల్లో ఏదో ఒక కారణం రాయాలి. గుండెజబ్బు అని రాస్తే డాక్టరు కాగితం అడుగుతారు. అందుకని అది రాశాను. నీకూ చిన్నప్పుడు ఒకసారి ఆయాసం వచ్చినట్టే నాకు గుర్తు. కాదంటే కాదనుకో. నిన్ను కడుపులో పెట్టుకుని చేసిన పనికి ఇంత రాద్ధాంతమా?

మిగతా ఆడవాళ్ళను ఆపమని నేను రాయలేదు. అది మేనేజరు తెలివితక్కువతనం. దానికీ నన్నే అంటావా?

బావగారు పోయిన రోజు నువ్వు ఏడవలేదు. తరవాత నేను తిరుగు రైలెక్కేటప్పుడు స్టేషనులో నా భుజం పట్టుకుని, "ఇంక నువ్వొక్కడివే" అన్నావు. ఆ మాట నేను మోస్తున్నాను. ఫోను మోగితే నీ గురించేనేమో అని ముందు ప్రేమమణిని ఎత్తమంటాను. ఆ భయం నీకు కడుపుమంటలా కనిపించింది. సరే.

ఈ వేసవికి వదిలేయి. ఇక్కడికి వచ్చెయ్. పైగది ఖాళీగానే ఉంది, గాలి బాగా వస్తుంది. రోజూ గోదావరి చూడొచ్చు. మేడమీద నుంచి.

నీ తమ్ముడు

—

మల్కాజ్‌గిరి,
30-5-1994

జకర్యా,

నీ భయం నిజమైనదే. నమ్ముతాను. కానీ నీ భయం నువ్వు మోసుకోవాలి. దాన్ని నా మెడకు రాయిలా కట్టి, మునుగుతావు జాగ్రత్త అంటున్నావు. "ఇంక నువ్వొక్కడివే" అన్నాను, అవును. తోడుగా ఉండమన్నాను. కాపలా ఉండమనలేదు.

మీ మేడ మీదకి నేను రాను. గోదావరిని చూడటం నాకు బాగా వచ్చు, చిన్నప్పుడు మెట్లమీద కూర్చుని నేర్చుకున్నాను.

మొన్న మేము ముగ్గురం మేనేజరు దగ్గరికి వెళ్ళాం. విమలమ్మను ఇంటినుంచి లాక్కొచ్చింది శ్యామలమ్మ. "రాకపోతే నీ ఇంట్లనే పంపు తిప్పి ఈత షురూ చేస్త" అని బెదిరించిందట. మేనేజరు మర్యాదస్తుడే. డాక్టరు దగ్గర ఊపిరి పరీక్ష చేయించుకుని ఆ కాగితం ఇచ్చాను. ఊపిరి శుభ్రంగా ఉంది. ఆయన అది చదివి, "అమ్మా, ఇది సరే, కానీ చట్టం అని బెదిరిస్తూ మీ తమ్ముడుగారు రాసింది ఫైల్లో ఉంది. ఆయన వెనక్కి తీసుకుంటే తప్ప నేను బోర్డు తీయలేను" అన్నాడు. నా ఊపిరి నా ముక్కులోంచి వస్తున్నా, దానికి సాక్షివి నువ్వు. రాజమండ్రిలో ఉన్నావు.

కాబట్టి ఇకపై నీతో వాదించను. తిట్టను కూడా, అలసిపోయాను. నాకు కావలసినవి రాస్తున్నాను.

1. మేనేజరుకు ఉత్తరం రాయి. మా అక్కకు ఉబ్బసం లేదు, నేను రాసింది అబద్ధం అని అందులో ఉండాలి. "పొరపాటు" అని రాస్తే ఒప్పుకోను.

2. చట్టప్రకారం చర్య అన్నమాట వెనక్కి తీసుకో. శ్యామలమ్మ, విమలమ్మల పేర్లు రాసి, వాళ్ళను ఆపడానికి నీ ఉత్తరం కారణం కాకూడదని రాయి.

3. నా సమ్మతి పత్రం మీద సంతకం పెట్టు.

4. పేతురుగారికి రాయి, కుర్చీ తీసేయమని. క్వయరులో నా చోటు నాకు ఇవ్వమని.

5. అమ్మిరాజుకు స్టాఫ్‌రూములో అందరి ముందు చెప్పు, మా అక్క ఈత నేర్చుకుంటోందని. తల ఎత్తి చెప్పు.

6. ఈ ఉత్తరాలన్నీ ప్రేమమణికి చూపించు.

7. ఇవన్నీ జూన్ పదో తారీఖు లోపల. వానలు మొదలైతే కొలను మూసేస్తారు. వచ్చే వేసవిదాకా ఆగమని నాకు రాయకు.

కాంతమణి